క్షమాగుణమును దీనసేవయు

క్షమ యను పదమునకు మన భాషలో రెండర్థములు గలవు. ఓర్పు ఒకటి, భూమి యొకటి. త్రవ్వినను, దున్నినను, త్రొక్కినను మాఱుపలుకక పంట నిచ్చునది గావున భూమికి ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. వినుటకు ఇంపైన వ్యుత్పత్తియే. కాని దీనియందొక యపాయము దాగియున్నదని మాకు దోచుచున్నది. త్రొక్కువాడు పైన నిలిచి, త్రొక్కబడినదానిని జూచి, దీని యోర్పెంత గొప్పదని మెచ్చుకొనుట మిక్కిలి సులభము. అట్టి మెప్పులో క్షమను గూర్చిన జ్ఞానము లేదు. తన పాదముల క్రింద నేమున్నదో చూడనొల్లని సోమరితనము మాత్రమే యున్నది.

భారతమున అరణ్యపర్వమందు ద్రౌపదీ ధర్మరాజుల సంవాదము చదువరు లెఱిగినదే. ఎల్లవేళల క్రోధమును తగదు, ఎల్లవేళల క్షమయు తగదని ప్రహ్లాదుడు బలికి చెప్పిన నీతిని ద్రౌపది యెత్తి చూపును. ధర్మరాజు క్షమయే సర్వోత్తమమని సమాధానము చెప్పును. మన పురాణ కాలక్షేపములలో ధర్మరాజు పక్షమునకే చప్పట్లు. కాని వ్యవహారము తెలిసినవాడు ఇచ్చట ఒక ప్రశ్న వేయక మానడు. జూదమున ఓడినవా డెవడు? సభలోని కీడ్వబడినది యెవరు? క్షమింపుమని చెప్పుటకు ఆ యిద్దఱిలో అధికార మెవరికి గలదు? ఈ ప్రశ్న మనసున నుంచుకొనియే ఈ వ్యాసమును చదువవలసినదిగా విజ్ఞులను వేడుచున్నాము.

క్రైస్తవ జీవనమున క్షమకును దీనసేవకును గల స్థానమును విచారింప దలచితిమి. మతప్రచారము మా యుద్దేశము గాదు. మతఖండనము అంతకంటెను గాదు. పర మతములోని సత్యమును నేర్చుకొనుటకు సిగ్గుపడువాడు స్వమతములోని సత్యమును గూడ చక్కగా నేర్చుకొనియుండడు. ఈ విచారణకై మనము పాలస్తీనా దేశమువఱకే పోనక్కఱలేదు. ప్రకాశము సీమ పడమటి భాగమున, ముండ్లమూరు, దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురము, కంభము ప్రాంతముల పల్లెలయందే దీనికి నిదర్శనము మన కన్నుల యెదుట నున్నది. అయినను మూలగ్రంథము చెప్పునదేమో మొదట తెలిసికొనుట న్యాయము.

మత్తయి సువార్త పదునెనిమిదవ యధ్యాయమున ఒక బాకీదారుని కథ గలదు. ఒక రాజునకు ఒక సేవకుడు 10,000 తలాంతులు అచ్చియుండెను. తీర్చలేనని మ్రొక్కగా రాజు కనికరించి బాకీ యంతయు కొట్టివేసెను. బయటికి వచ్చిన యా సేవకుడు, తనకు 100 దేనారములు అచ్చియున్న తోడిసేవకుని గొంతు పట్టుకొని చెఱసాలలో వేయించెను. రాజు విని, మొదటి బాకీని మరల అతని నెత్తిన బెట్టెను. కథ యింతయే. మేము వృత్తిచేత లెక్కలు చూచుకొను వారము గాన లెక్క వేసితిమి. ఒక తలాంతునకు 6,000 దేనారములు. దేనారమనగా నాటి కూలివాని యొకనాటి కూలి యని అదే సువార్తలోని ద్రాక్షతోట కథవలన దెలియుచున్నది. కావున మొదటి బాకీ 6,00,00,000 దినముల కూలి. ఒక్క దినమైనను మానక పనిచేసినను అది తీరుటకు 1,64,000 ఏండ్లకు పైగా పట్టును. రెండవ బాకీ మూడు నెలల పైచిల్లర కూలి. ఒకటి రెండవదానికి ఆఱు లక్షల రెట్లు.

ఈ లెక్కను బోధకులు తఱచుగా చెప్పుదురు గాని, దానిలోని మఱియొక యంశమును విడిచిపెట్టుదురు. 100 దేనారములు తక్కువ మొత్తము గాదు. కూలివానికి మూడు నెలల తిండి. ఆ బాకీ లేదని గాని, అది కాలదోషము పట్టినదని గాని కథలో ఎక్కడను చెప్పబడలేదు. బాకీ నిజము, పత్రము నిజము. క్షమించుట యనగా అపరాధము జరుగలేదని సాక్ష్యము చెప్పుట కాదు. అపరాధము జరిగినదని ఒప్పుకొన్న తరువాతనే క్షమకు పని గలుగును. తప్పు లేదని బొంకి సమాధానపడుట రాజీనామా యగునేమో గాని క్షమ కాదు.

అదే గ్రంథమున, కొండమీది ప్రసంగములో, ఇంకొక చిన్న మాట యున్నది. మాకు అది అన్నిటికంటె కఠినముగా దోచును. బలిపీఠము నొద్దకు అర్పణము గొని పోయినవానికి, తనమీద తన సోదరునికి ఫిర్యాదున్నదని జ్ఞాపకము వచ్చినచో, అర్పణము నక్కడనే విడిచి, మొదట పోయి ఆ సోదరునితో సమాధానపడి, పిమ్మట వచ్చి అర్పింపవలెనట. ఎవరు నడచిపోవలెనో గమనింపుడు. నష్టపడినవాడు కాదు, నష్టపఱచినవాడు. మా వృత్తిభాషలో చెప్పవలెనన్న, సమను రాకమునుపే ప్రతివాది వాది యింటికి నడవవలెను. దేవుని పూజయైనను అంతవఱకు వాయిదా పడవలెను. జక్కయ్య యను సుంకరి కథలో ఇది ఇంకను స్పష్టము: అన్యాయముగా దీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదనని యతడు ఒప్పుకొన్నాడు. కన్నీరు కార్చి యూరకుండలేదు.

ఇక దీనసేవ. యోహాను సువార్త పదుమూడవ యధ్యాయమున, గురువు భోజనపంక్తి నుండి లేచి, పైవస్త్రము తీసివేసి, తువాలు నడుమున జుట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి శిష్యుల పాదములు కడిగెనని యున్నది. ఈ వృత్తాంతము నాలుగు సువార్తలలో ఇచ్చట మాత్రమే గలదు. కాళ్లు కడుగుట మనకు క్రొత్త గాదు. అతిథి వచ్చిన కాళ్లకు నీళ్లిత్తుము. కన్యాదాత వరుని కాళ్లు కడుగును. గురుపాదములు కడిగి ఆ తీర్థమును శిరమున జల్లుకొందుము. కాని ఈ యాచారము లన్నిటను నీళ్లు క్రిందినుండి పైకే పాఱును. తక్కువవాడు ఎక్కువవాని కాళ్లు కడుగును. ఆ రాత్రి యెరూషలేములో నీళ్లు పైనుండి క్రిందికి పాఱినవి. అందుచేతనే పేతురు తన కాళ్లు ఇయ్యనన్నాడు. అతనిది వినయమని మనము తలతుము. అది వినయము కాదు, అలవాటు. గురువు వంగినచో శిష్యుడు రేపు ఎవరి యెదుట వంగవలసి వచ్చునోయను భయము గూడ అందులో నున్నదేమో.

ఇంకొక విశేషము. కడుగబడిన పాదములలో ఇస్కరియోతు యూదావియు నుండెను. అతడు చీకటిలోనికి వెడలిపోయినది కాళ్లు కడుగుట యయిన తరువాతనే యని గ్రంథక్రమమువలన దెలియును. అతడు చేయబోవునది గురు వెఱుగును. క్షమయు సేవయు వేర్వేఱు గుణములని మన మనుకొందుము. ఆ పళ్లెము ముందు అవి రెండును ఒక్క పనియైనవి.

ఈ బోధను మన దేశీయులు కేవలము మిషనరీల వలననే వినలేదు. 1820లో రామమోహన రాయలవారు కలకత్తాలో సువార్తలనుండి యేసు నీతివాక్యములను మాత్రము ఏర్చి ప్రకటించిరి. అద్భుతములను, సిద్ధాంతములను విడిచిపెట్టుటచేత శ్రీరాంపురపు మిషనరీలు వారిపై అలిగి వాదమునకు దిగిరి. 1866వ సంవత్సరము మే నెలలో కేశవచంద్రసేనులవారు కలకత్తాలోనే యేసుక్రీస్తును గూర్చియు, యూరపు ఆసియా ఖండములను గూర్చియు ఉపన్యసించుచు, సువార్త నీతికి క్షమయు స్వార్థత్యాగమును రెండు మూలములని చెప్పి, ఆ రెంటిని తెల్లవారికిని నల్లవారికిని సమముగా అన్వయించిరి. సభ నిండెను, పత్రికలలో చర్చలు జరిగెను. విద్యావంతులకు అది గొప్ప దినము.

ఆ 1866వ సంవత్సరమందే, ఏ పత్రికకును తెలియకుండ, కనిగిరి పొదిలి దిక్కున తాళ్లకొండపాడను గ్రామమునకు జెందిన ఎఱ్ఱగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ క్రైస్తవ మతమును స్వీకరించిరి. పేరయ్య మాదిగ కులమువాడు. తోళ్ల వ్యాపారముపై ఉత్తరపు సీమలకు బోయి, ఏలూరు ప్రాంతమున మిషనరీ బోధ వినెను. అంతకు మునుపే రాజయోగ మార్గమున గురువులను సేవించి, ధ్యానము నభ్యసించినవాడు. ఈ సంగతి మన మందఱము జ్ఞాపకముంచుకొనదగినది. పల్లెలలోనివారు అజ్ఞానాంధకారమున బడియుండగా ఎవరో వచ్చి దీపము వెలిగించిరని వ్రాయుట వాడుకయైనది. పేరయ్య దీపము చేతబట్టుకొని వెదకుచునే యుండెను. తెల్లవారును మనమును ఇద్దఱము ఆలస్యముగా వచ్చినవారమే.

అదే యేట అమెరికా బాప్తిస్టు మిషనునుండి జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలునకు వచ్చెను. నెల్లూరిలో ఆ మిషను 1840నుండి యుండెను. కాని పాతికయేండ్లు గడచినను ఫలము స్వల్పమైనందున, మూసివేయుదమని అమెరికాలో పలుమాఱు తలచిరి. క్లౌ యౌవనమున మిన్నెసోటా ప్రాంతమున భూములు సర్వే చేసిన పనివాడు. 1867 జనవరిలో ఆయన తాళ్లకొండపాడునకు బోగా పేరయ్య కూడబెట్టిన జనమునుండి 28 మంది బాప్తిస్మము పొందిరి. సరిగా నా దినములలోనే ఒంగోలులోని పై కులములవారు కొందఱు ఆయన యొద్దకు వచ్చుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో మేము రామని వారు తెలిపిరి. ఏమి చేయుటకు దోచక, క్లౌయును ఆయన భార్యయు వేర్వేఱు గదులలో బైబిలు తెఱచి చూడగా, ఇద్దఱికిని కొరింథీయుల మొదటి పత్రికలోని ఒక్క భాగమే తగిలినదట. దేవుడు జ్ఞానులను, ఘనులను గాక, లోకము తృణీకరించినవారిని ఏర్చుకొనెనని ఆ భాగము చెప్పును. మాదిగలను చేర్చుకొనిరి, పై కులములవారు వెడలిపోయిరి, వారి పిల్లలు బడి మానిరి. బైబిలు తెఱచిన చోటు కాకతాళీయమని సందేహవాదు లనవచ్చును. అననిండు. వెడలిపోయినది మాత్రము కాకతాళీయము కాదు. వెడలిపోయినవారు మనవారు.

క్రైస్తవులైన మాదిగలకు క్లౌ మూడు నియమములు పెట్టెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చూచుటకు ఇవి మూడును ధర్మ నియమములే. గ్రామమున వీని ఫలము వేఱు. ఆదివారము రానివాడు కోతలనాడు రానివాడు. విగ్రహమునకు మ్రొక్కనివాడు జాతరలో డప్పు వాయింపనివాడు. పశువు చచ్చిన తిననివాడు దానిని ఈడ్చుకొని పోవుట కేల రావలెనని ప్రశ్నించువాడు. వేయేండ్లుగా గ్రామము ఎవరి వెన్నుమీద నిలిచియున్నదో ఆ వెన్ను కొంచెము కదలెను. కావున శిక్ష వచ్చినది. నీళ్లు లేవనిరి. పొలములో అడుగు బెట్టరాదనిరి. దుకాణమున ఉప్పు పుట్టలేదు. ఈ శిక్షలు విధించినవారు దుర్మార్గులని పేరు పొందినవారు గారు. గ్రామపెద్దలు, ధర్మకర్తలు, ఏకాదశి ఉపవాసము విడువనివారు.

అట్లు పదియేండ్లు గడచునంతలో ధాత కరవు వచ్చినది. ధాత, ఈశ్వర సంవత్సరములు, అనగా 1876 మొదలు 1878 వఱకు. దక్షిణ దేశమున ఆంగ్ల ప్రభుత్వపు సీమలలోనే 50 లక్షలకు పైగా జనము నశించిరని అంచనా. సర్కారు కరవుపనులు పెట్టి, బకింగ్‌హాము కాలువను త్రవ్వించెను. కరవుకూలి ఎంత యుండవలెనని పై అధికారులు వాదులాడుకొనిరి. సర్ రిచర్డు టెంపులు 1877లో పెద్దవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, కొద్దిపాటి డబ్బును చాలునని నిర్ణయించుట చరిత్రలో అపకీర్తిగా నిలిచియున్నది. క్లౌ తన పూర్వపు సర్వే విద్యను జ్ఞాపకము చేసికొని, మూడున్నర మైళ్ల కాలువపనిని కంట్రాక్టునకు తీసికొనెను. ఉపదేశులను మేస్త్రీలుగా నియమించెను. వేలకొలది జనము అక్కడ త్రవ్వి బ్రతికిరి; అక్కడనే విశూచి, మశూచి వచ్చి పలువురు చచ్చిరి. ప్రసంగపీఠము విడిచి మట్టితట్టల లెక్క వ్రాసికొన్న యా మూడున్నర మైళ్లు ఆయన చేసిన ఏ ప్రసంగముకంటెను మాకు ఎక్కువ బోధ చేయుచున్నవి.

బియ్యమునకై మతము మార్చుకొనిరని ఒక యాక్షేపణ గలదు. దానిని తేలికగా త్రోసివేయుట న్యాయము గాదు. క్లౌ తానే యా శంకను మన కంటె ముందు పడెను. 1877 మార్చి మొదలు 1878 జూన్ వఱకు, 15 నెలలు, ఎందఱు వచ్చి యడిగినను ఒక్కనికైనను బాప్తిస్మ మీయలేదు. పిమ్మట బహుధాన్య సంవత్సర ఆషాఢమున, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి యొద్ద జనము గుమిగూడిరి. 1878 జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మొత్తము 3,536 మంది ఆ యేటిలో మునిగి లేచిరి. నీళ్లలోనికి దిగి బాప్తిస్మ మిచ్చినవారు తెలుగు ఉపదేశులు. ఆఱుగురు ఇద్దఱిద్దఱు చొప్పున వంతులు వేసికొనిరి. ఆ సంవత్సరాంతమునకు సంఖ్య 9,606. అంతటితో ఒంగోలు సంఘము ప్రపంచములోని బాప్తిస్టు సంఘము లన్నిటను పెద్దదయ్యెను.

ఆక్షేపణకు మా ప్రత్యుత్తర మొకటి మిగిలియున్నది. ఆకలిగొన్నవాని మతమార్పు నిజమా కాదా యని ఇంత సూక్ష్మముగా పరీక్షించు మనము, కడుపునిండినవాని మతస్థైర్యము నేల పరీక్షింపము? నల్లమలలో పుట్టి, కంభము చెఱువు నింపి, అద్దంకి సీమ దాటి సముద్రమున గలియు గుండ్లకమ్మలో, గ్రామపు బావి ముట్టరాదన్నవారు మూడు దినములు మునిగి లేచిరి. ఎవరును వలదనలేదు. ఏటిలో నీరు పాఱుచుండును గాబోలు, దానికి కులము అంటదు.

క్లౌను మేము దేవునిగా చేయబోము. ఆయన సేవకుడని చెప్పుకొనుచునే దొరయని పిలిపించుకొనెను. కాళ్లు కడిగినవాని పేరున వచ్చినవారు పల్లకీలోను గుఱ్ఱముమీదను తిరిగిరి. పల్లెలలో మాలమాదిగల భేదము గుడి విడిచి గిర్జాలో ప్రవేశించినది. నేటికిని పూర్తిగా పోలేదు. అయినను, ఆ పల్లెలనుండి రెండు తరములలో ఉపాధ్యాయులు, నర్సులు, కాంపౌండర్లు బయలుదేరిరి. ఒంగోలులో క్లౌ పేర వెలసిన ఆసుపత్రిలో మందు తీసికొనుటకు మన యిండ్లవారును బోయిరి. నీళ్లియ్యనివాని నాడి పట్టి చూచిన చేయి ఎవరిదో, ఆ చేతిలో విషము గాక మందెట్లుండెనో మన మొకనాడైనను ఆలోచించితిమా? క్లౌ భార్యయైన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ ఉపదేశుల వృత్తాంతములను 1899లో ఒక గ్రంథముగా వెలయించి, చెప్పులు కుట్టుచు అని అర్థము వచ్చు పేరు పెట్టెను. మన కాళ్లకు చెప్పులు కుట్టినవారు మన వీథిలో చెప్పులు తొడుగుకొనరాదు. పాదసేవను గూర్చి పాఠము చెప్పుటకు వారికంటె తగినవా రెవరు?

ఇచ్చట జాగరూకత యవసరము. దీనులకు క్షమ సహజమని, వారికి న్యాయస్థానముతో పని లేదని కొందఱు మంచివారు సిద్ధాంతము చేయుదురు. క్రైస్తవ గ్రంథమే దీనిని ఒప్పుకొనదు. అపొస్తలుల కార్యములు పదునాఱవ యధ్యాయమున, ఫిలిప్పీ పట్టణపు అధికారులు పౌలును సీలను విచారణ లేకయే బెత్తములతో కొట్టించి చెఱలో వేయించిరి. చెఱసాల నాయకుడు రాత్రివేళ వారి గాయములు కడిగెను. వారు అతనిని తమవానిగా చేసికొనిరి. క్షమ యక్కడనే జరిగిపోయినది. మఱునాడు, మీరిక వెళ్లవచ్చునని అధికారులు రహస్యముగా కబురు పంపగా, పౌలు కదలనన్నాడు. తాము రోమా పౌరులము, బహిరంగముగా కొట్టించినవారు తామే వచ్చి తీసికొనిపోవలెనన్నాడు. వారు వచ్చిరి, బతిమాలుకొనిరి. పగ తీర్చుకొనుట కాదిది. జరిగిన తప్పు జరిగినదని పదిమంది యెదుట ఒప్పించుట. క్షమ హృదయములో ముగిసినను, లెక్క వీథిలో తేలవలసియే యున్నది. న్యాయవాదులమైన మేము పౌలుని ఈ పట్టుదలకు తల వంచుచున్నాము.

మన జిల్లాలో ఆ లెక్క తేలుటకు ఎంత కాలము పట్టునో చదువరులకు తెలియును. 1985 జూలై 17వ తేదీన, నాడు ప్రకాశము జిల్లాలో నున్న కారంచేడు గ్రామమున ఆఱుగురు మాదిగలు చంపబడిరి. తగవు మంచినీళ్ల చెఱువు నొద్ద పుట్టినది. వెల్లంపల్లి బాప్తిస్మములకు 107 ఏండ్ల తరువాత, అదే జిల్లాలో, అదే కులమువారు, మరల నీటి నొద్దనే. పల్లె విడిచి చీరాలకు పాఱిపోయినవారు క్షమను గూర్చి వినవలసినది అప్పుడు గాదు. దళితులపై యత్యాచారముల నివారణకు చట్టము 1989లో వచ్చినది. కారంచేడు వ్యాజ్యము దేశపు అత్యున్నత న్యాయస్థానమున ముగియుటకు 2008 వచ్చినది. ఇరువదిమూడేండ్లు. అంతకాలము న్యాయమునకై నిలిచిన వితంతువు, నిందితుని ద్వేషింపక నిలిచెనా, ద్వేషించి నిలిచెనా యని యడుగుటకు మనకు అధికారము లేదు. అది ఆమెకును దేవునికిని నడుమ నున్న లెక్క. మనకు సంబంధించిన లెక్క వేఱు.

ఆ లెక్క మా యింటనే యున్నది గనుక చెప్పుచున్నాము. ముండ్లమూరు ప్రాంతమున ఒక గ్రామము మా పూర్వులది. మా పితామహులు గ్రామాధికారము చేసిరి. మా తండ్రిగారి బాల్యమున, ఆదివారము వచ్చిన జాతరకు డప్పు వాయింపనన్నందున పల్లెలోని ఒక క్రైస్తవ కుటుంబమునకు వేసవి పొడవునా మా బావినీళ్లు పోయరాదని పితామహులు కట్టడి చేసిరి. ఆ యింటివారు మైలున్నర దూరపు వాగుచెలమకు పోయిరి. రెండేండ్లకు మా పితామహులకు విశూచి తగిలినది. బంధువులు గడప దాటి లోనికి రాలేదు. మిషను ఆసుపత్రిలో కొంతకాలము పనిచేసిన యా యింటి యజమాని వచ్చి, మూడు రాత్రులు ఉప్పునీళ్లు పోసి, మలమూత్రము లెత్తి, బ్రతికించెను. మా పితామహులు బ్రతికి, రెండు బస్తాల జొన్నలు పంపి, ఋణము తీరినదని తలచిరి. బావిని గూర్చిన మాట వారి నోట చచ్చునంతవఱకు రాలేదు. మా యింట ఈ కథ సాధారణముగా మా పితామహుల యుదారతకు నిదర్శనముగా చెప్పబడుచుండెను: రెండు బస్తాలు పంపిరి గదా!

మేము న్యాయవాదులమైన తరువాత, చాల యేండ్లకు, ఒక భూమి తగవుపై ఆ గ్రామమునకు బోయి, ఆ పెద్దమనుష్యుని కుమార్తె యింకను జీవించియున్నదని విని పల్లెకు వెళ్లితిమి. ఎనుబది యేండ్ల వృద్ధురాలు. వేపచెట్టు క్రింద మంచము వేసి కూర్చుండబెట్టినది. చెప్పవలసిన మాట దారి పొడవునా కూర్చుకొని పోయితిమి. అక్కడ నోరు పెగలలేదు. కడపటికి, "అమ్మా, మా తాతగారు మీకు నీళ్లు ఆపించినారు. అది తప్పు. ఆయన చెప్పలేదు. నేను చెప్పడానికి వచ్చినాను" అంటిమి.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "మా నాయన ఉండంగా మీ తాత ఆ మాట అనుంటే బాగుండేదయ్యా. ఎదురుచూశాడు" అన్నది.

క్షమించితిననలేదు. లేదనియు అనలేదు. మేమును అడుగలేదు. ఆయన ఎదురుచూచెనన్న సంగతి మాకు అంతవఱకు తెలియదు. మూడు రాత్రులు సేవ చేసి, ఏమియు కోరక వెడలిపోయిన మహాత్ముడని ఆయనను మేము మనసున నిలుపుకొంటిమి. ఆయన కోరినది ఒక్క మాట. అది రెండు బస్తాల జొన్నలకంటె చౌక. మా పితామహులకు అదే ఖరీదైనది. క్షమించువాడు తన వంతు పని ముగించి గడప నొద్ద నిలిచియుండగా, క్షమింపబడవలసినవాడు తలుపు తీయకపోవుట యనునది యొకటి గలదని, సువార్తలు పలుమాఱు చదివినను మాకు నాడు గాని బోధపడలేదు. బలిపీఠము నొద్ద అర్పణమును విడిచి నడచిపొమ్మన్న మాటకు తొందర యేలనో గూడ నాడే తెలిసినది. సోదరుడు ఎల్లకాలము బ్రతికియుండడు.

ఆమె మనుమరాలు మంచినీళ్లు తెచ్చి యిచ్చినది. త్రాగితిమి. తరువాత ఆ వృద్ధురాలు లోపలికి బోయి, ప్లాస్టికు సంచిలో చుట్టిన కాగితములు తెచ్చి మా చేతిలో పెట్టినది. పల్లెవారి శ్మశానమునకు బోవు దారిని ఎవరో ప్రక్క పొలమువారు దున్ని కలుపుకొన్నారట. తహసీలుదారునకు పెట్టిన అర్జీలు మూడు, వచ్చిన జవాబు ఒకటి. "వచ్చినోళ్లు వచ్చారు గదా, ఇది చూడండయ్యా. చదువుకున్నోళ్లు" అన్నది.

మేము కాగితములు అక్కడనే వేపచెట్టు క్రింద చదివితిమి. సర్వే నంబరులో ఒక యంకె తప్పు పడియున్నది; జవాబు ప్రతికూలముగా వచ్చుటకు అదియే కారణము. సరిచేసి, క్రొత్త యర్జీ వ్రాసి, ఆమె వ్రేలిముద్ర తీసికొని తెచ్చితిమి. ఫీజు మాట ఆమె యెత్తినది. వలదంటిమి. వ్యవహారము ఇంకను తెమలలేదు.